పాత పన్ను విధానమా, కొత్తదా? ముందు అద్దె రసీదు, లోను స్టేట్‌మెంటు తీయండి

ఏటా ఏప్రిల్‌లో ఆఫీసు నుంచి ఒక మెయిలు వస్తుంది: ఈ ఏడాదికి ఓల్డ్ రెజీమా, న్యూ రెజీమా, ఫలానా తేదీలోగా చెప్పండి అని. చాలామంది పక్క సీటాయన్ని అడిగి, ఆయన పెట్టిన టిక్కే తామూ పెట్టేస్తారు. ఇద్దరి జీతమూ ఒకటే కావచ్చు. కానీ ఆయన గచ్చిబౌలిలో నెలకు ముప్పై వేలు అద్దె కడుతూ, సొంతూళ్లో కట్టిన ఇంటికి ఈఎంఐ కూడా కడుతుంటాడు. మీరేమో నాన్నగారి ఇంట్లోనే ఉంటారు. ఆయనకు కలిసొచ్చేది మీకు కలిసిరాదు.

పాత విధానంలో మినహాయింపులు ఎక్కువ. కొత్తదాంట్లో రేట్లు తక్కువ, మినహాయింపులు చాలావరకు ఉండవు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) మినహాయింపూ లేదు, ఇంటిలోను వడ్డీ కూడా లేదు అనుకుంటే పాత విధానం గురించి ఆలోచించి బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు, కొత్తదానికి వెళ్లిపోండి. రెండింట్లో ఒకటి ఉంటే కాగితం మీద లెక్క వేయండి, చాలాసార్లు కొత్తదే తేలుతుంది. రెండూ గట్టిగా ఉన్నవాళ్లకే ఇవాళ పాత విధానం పనికొస్తోంది. ఎల్‌ఐసీ, పీపీఎఫ్ లాంటి 80సీ పొదుపు ఒక్కటే చూసుకుని పాతదాన్ని పట్టుకుని వేలాడే రోజులు 2025 బడ్జెట్‌తో పోయాయి.

స్లాబులు ఎలా ఉన్నాయంటే

కొత్త విధానంలో 2025-26 ఆదాయానికి 4 లక్షల వరకు పన్ను లేదు. 4 నుంచి 8 లక్షల మధ్య 5 శాతం, 8–12 మధ్య 10, 12–16 మధ్య 15, 16–20 మధ్య 20, 20–24 మధ్య 25, ఆపైన 30 శాతం. పన్ను వేయదగ్గ ఆదాయం 12 లక్షలు దాటకపోతే సెక్షన్ 87ఏ కింద 60 వేల దాకా రిబేటు (పన్ను మాఫీ) వచ్చి పన్ను సున్నా అవుతుంది. జీతగాళ్లకు 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ (కాగితాలేవీ అడక్కుండా జీతంలోంచి తీసేసే మొత్తం) కూడా ఉంది కాబట్టి 12.75 లక్షల జీతం దాకా కట్టేదేమీ లేదు.

పాత విధానంలో స్లాబులు కదల్లేదు. 2.5 లక్షల వరకు లేదు, 5 లక్షల దాకా 5 శాతం, 10 లక్షల దాకా 20, ఆపైన 30. అరవై దాటినవారికి 3 లక్షల వరకు, ఎనభై దాటినవారికి 5 లక్షల వరకు పన్ను ఉండదు. స్టాండర్డ్ డిడక్షన్ 50 వేలే. ఆదాయం 5 లక్షలు దాటితే రిబేటు పోతుంది. రెండు విధానాల్లోనూ పన్ను మీద 4 శాతం సెస్సు ఉంది.

చాలామంది ఇక్కడే తికమక పడుతున్నారు. “పన్నెండు లక్షల వరకు ఫ్రీ అన్నారుగా, నాకు పదిహేను లక్షలు, మూడు లక్షల మీదే కదా పన్ను” అంటారు. కాదు. గీత దాటితే రిబేటు పోయి పన్ను 4 లక్షల నుంచే లెక్కలోకి వస్తుంది. గీతకు కాస్త పైన ఉన్నవాళ్లకు మాత్రం మార్జినల్ రిలీఫ్ ఉంది. పన్నెండు లక్షలు ఎంత దాటిందో పన్ను అంతకు మించకూడదన్న నియమం అది. స్టాండర్డ్ డిడక్షన్ తీసేశాక 12 లక్షల 70 వేల చిల్లర దాకా దాని ప్రభావం కనిపిస్తుంది, అక్కణ్ణుంచి మామూలు స్లాబులే.

పాతది గెలవాలంటే మినహాయింపులు ఎంతుండాలి?

ఈ అంకెలు స్టాండర్డ్ డిడక్షన్ కాకుండా. మీ హెచ్‌ఆర్‌ఏ, 80సీ, 80డీ, లోను వడ్డీ, ఎన్‌పీఎస్ (జాతీయ పింఛను పథకం), వృత్తిపన్ను అన్నీ కూడి ఈ గీత దాటితేనే పాత విధానం లాభం.

జీతం 13.5 లక్షలైతే: 5.06 లక్షలు
15 లక్షలైతే: 5.44 లక్షలు
16 లక్షలైతే: 5.69 లక్షలు
18 లక్షలైతే: 6.42 లక్షలు
20 లక్షలైతే: 7.08 లక్షలు
24.75 లక్షలు, ఆపైన: 8 లక్షలు

చివరి గీత అక్కడే ఆగిపోతుంది. ముప్పై లక్షల జీతమైనా, నలభై అయినా అదే 8 లక్షలు, ఎందుకంటే ఆపైన రెండు చోట్లా 30 శాతమే. 5 కోట్లు దాటిన ఆదాయానికి పాతదాంట్లో సర్‌చార్జి (పన్ను మీద అదనపు పన్ను) 37 శాతం, కొత్తదాంట్లో 25. ఆ స్థాయివాళ్లకు ఈ వ్యాసంతో పనిలేదు.

80సీ పూర్తిగా వాడినా లక్షన్నరే. 80డీ కింద మీకూ భార్యాబిడ్డలకూ కట్టే ఆరోగ్య బీమాకు 25 వేలు, అరవై దాటిన అమ్మానాన్నల పాలసీకి 50 వేలు. ఎన్‌పీఎస్‌లో మీరు సొంతంగా వేసుకునే అదనపు 50 వేలు. ఇవన్నీ నిండుగా ఉన్నా మొత్తం 2.75 లక్షలు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ జీతంలోంచి నెలకు 200 కోసే వృత్తిపన్ను కలిపితే ఇంకో 2,400. పై గీతలకు ఇది ఎంత దూరమో చూడండి. మిగతాది అద్దె, లోను వడ్డీల నుంచే రావాలి.

ఒక జీతం, రెండు ఇళ్లు

హైదరాబాద్‌లో 20 లక్షల జీతం ఉన్న ఉద్యోగిని తీసుకుందాం. బేసిక్ ఏడాదికి 8 లక్షలు, హెచ్‌ఆర్‌ఏ 3.2 లక్షలు. అద్దె నెలకు 30 వేలు, అంటే 3.6 లక్షలు. హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు మూడింట్లో ఏది తక్కువైతే అది: చేతికొచ్చిన హెచ్‌ఆర్‌ఏ, అద్దెలోంచి బేసిక్‌లో పదో వంతు తీసేయగా మిగిలింది, బేసిక్‌లో 40 శాతం. ఇక్కడ రెండోది, 2.8 లక్షలు. ఆ 40 శాతం దగ్గర చాలామంది 50 వేసేస్తారు. 2025-26 ఆదాయానికి 50 శాతం ముంబై, ఢిల్లీ, కోల్‌కతా, చెన్నైలకే. హైదరాబాద్ ఎంత పెరిగినా ఈ లెక్కలో విజయవాడ, వరంగల్ పక్కనే కూర్చుంటుంది.

2.8కి 80సీ 1.5, 80డీ 0.75, ఎన్‌పీఎస్ 0.5 కలిపితే 5.55 లక్షలు. కావాల్సింది 7.08. కొత్త విధానమే మేలు, పన్ను సెస్సుతో 1,92,400.

అదే మనిషి రాజమండ్రిలో ఇల్లు కట్టాడు, అమ్మానాన్నలు అందులో ఉంటున్నారు, లోను వడ్డీ ఏడాదికి 2 లక్షలు దాటుతోంది అనుకోండి. సొంతింటి వడ్డీకి పాత విధానంలో 2 లక్షల దాకా మినహాయింపు ఉంది. ఉద్యోగం హైదరాబాద్‌లో, ఇల్లు రాజమండ్రిలో కాబట్టి అద్దె మినహాయింపూ వడ్డీ మినహాయింపూ రెండూ తీసుకోవచ్చు. మొత్తం 7.55 లక్షలు, గీత దాటింది. పాతదాంట్లో పన్ను 1,77,840. మిగిలేది 14,560 రూపాయలు.

ఏడున్నర లక్షల మినహాయింపులు పోగేసి, కాగితాలన్నీ భద్రపరిచి, మిగిలేది అంత. ఆ ఖర్చులన్నీ ఎలాగూ చేస్తున్నవే అయితే వచ్చిన పద్నాలుగు వేలు ఎందుకు వదులుకోవాలి, తీసుకోండి. కానీ గీత అందుకోవడానికని మార్చి నెలాఖరులో ఏజెంటు తెచ్చిన ఎండోమెంట్ పాలసీ (బీమా, పొదుపు కలిపినది) మీద సంతకం పెట్టే పని మాత్రం వద్దు. ఆ ప్రీమియం పదిహేనేళ్లు కట్టాలి, పన్ను స్లాబులేమో బడ్జెట్ బడ్జెట్‌కీ మారుతున్నాయి.

లోను ఉన్నవాళ్లు ఇంకో రెండు సంగతులు గుర్తుపెట్టుకోవాలి. ఒకటి, అసలు కింద కట్టేది 80సీలోకి వస్తుంది, ఆ లక్షన్నరేమో పీఎఫ్‌తోనే సగానికిపైగా నిండిపోయి ఉంటుంది (బేసిక్ 8 లక్షలైతే పీఎఫ్ 96 వేలు). రెండు, కట్టుబడిలో ఉన్న ఫ్లాటుకు కట్టే వడ్డీ ఆ ఏడాది లెక్కకు రాదు. ఇల్లు పూర్తయ్యాక అయిదు సమాన వాయిదాల్లో వస్తుంది, అదీ ఆ 2 లక్షల పరిమితిలోనే. తెల్లాపూర్‌లోనో కొల్లూరులోనో బుక్ చేసి మూడేళ్లుగా ప్రీ-ఈఎంఐ కడుతున్నవాళ్లు ఈ వడ్డీ చూసుకుని పాత విధానం ఎంచుకుంటే దెబ్బతింటారు.

ఇల్లు అద్దెకిచ్చి ఉంటే కొత్త విధానంలోనూ వడ్డీ తీసేయొచ్చు, కానీ ఆ అద్దె ఆదాయం ఎంతో అంతవరకే. మిగిలిన నష్టాన్ని జీతంలోంచి తీసేయనివ్వరు.

కొత్త విధానంలో మిగిలిన ఒక్క పెద్ద మినహాయింపు

ఉద్యోగమిచ్చిన యజమాని మీ తరఫున ఎన్‌పీఎస్‌లో వేసే మొత్తం అది. సెక్షన్ 80సీసీడీ(2). కొత్త విధానంలో బేసిక్, డీఏ (కరువు భత్యం)ల మీద 14 శాతం దాకా మినహాయింపు దొరుకుతుంది. ప్రైవేటు ఉద్యోగులకు పాతదాంట్లో 10 శాతమే. పైన చెప్పిన 20 లక్షల ఉద్యోగి, లోను లేనప్పుడు, జీతంలోంచి 1.12 లక్షలు ఈ దారికి మళ్లించమని హెచ్‌ఆర్‌ను అడిగితే పన్ను 1,92,400 నుంచి 1,69,104కి దిగుతుంది. అద్దె రసీదులు, పాలసీ కాగితాలు ఏవీ చూపించకుండానే 23 వేలు మిగిలాయి. కానీ ఆ డబ్బు ఏళ్ల తరబడి కదలదు. వచ్చే ఏడాది పిల్ల పెళ్లో, ఫ్లాటు రిజిస్ట్రేషనో ఉన్నవాళ్లు దీని జోలికి పోకపోవడమే మంచిది. ఇది యజమాని ద్వారానే జరగాలి. మీరు మీ ఖాతాలోంచి ఎన్‌పీఎస్‌లో వేసుకుంటే కొత్త విధానంలో పైసా లాభం ఉండదు.

మాస్టార్లకు, ప్రభుత్వ ఉద్యోగులకు

ఫిబ్రవరి వస్తే స్టాఫ్‌రూముల్లో ఎక్సెల్ సాఫ్ట్‌వేర్లు చేతులు మారతాయి. వాటిలో రెండు విధానాల పన్నూ పక్కపక్కనే వస్తుంది కాబట్టి ఎంపిక కష్టం కాదు. అయినా ఒక ఉదాహరణ. 13.2 లక్షల స్థూల జీతం, జీఎల్‌ఐ (ప్రభుత్వ ఉద్యోగుల జీవిత బీమా), ఎల్‌ఐసీ కలిపి 80సీ నిండుగా, సొంతింటి లోను వడ్డీ 2 లక్షలు, వృత్తిపన్ను 2,400. సొంతిల్లు కాబట్టి హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు లేదు. పాతదాంట్లో పన్ను దాదాపు 99,860. కొత్తదాంట్లో పన్ను వేయదగ్గ ఆదాయం 12.45 లక్షలు, మార్జినల్ రిలీఫ్‌తో 45 వేలు, సెస్సుతో 46,800. సగానికన్నా తక్కువ. ఇంటిలోను ఉంది కదా అని పాతదాంట్లో ఉండిపోయినవాళ్లు ఇది ఒకసారి చూడాలి.

ఆ 13.2 లక్షల్లో డీఏ బకాయిలో, పీఆర్సీ బకాయిలో ఉంటే ఇంకో దారి ఉంది. పాత సంవత్సరాల బకాయి ఈ ఏడాది ఒకేసారి పడితే సెక్షన్ 89 కింద ఊరట అడగొచ్చు. ఇది కొత్త విధానంలోనూ వర్తిస్తుంది. రిటర్న్ వేసేముందే పోర్టల్‌లో ఫారం 10ఈ సమర్పించాలి. అది వేయకుండా రిటర్న్‌లో ఊరట మాత్రం చూపిస్తే నోటీసు వస్తుంది.

పింఛన్‌దారులు

వీళ్లలో ఎక్కువమందికి సందేహమే అక్కర్లేదు. పింఛను 6 లక్షలు, డిపాజిట్ల వడ్డీ 2.5 లక్షలు ఉన్న పెద్దాయనకు కొత్త విధానంలో పన్ను సున్నా. పాతదాంట్లో వడ్డీ మీద 50 వేల మినహాయింపు, బీమా 50 వేలు, 80సీ లక్షన్నర అన్నీ వాడినా 20,800 కట్టాలి. ఫ్యామిలీ పెన్షన్ తీసుకునేవారికి కొత్తదాంట్లో పింఛనులో మూడో వంతు లేదా 25 వేలు, ఏది తక్కువైతే అది తీసేస్తారు.

ఒక్క మెలిక షేర్లు, మ్యూచువల్ ఫండ్లు ఉన్నవారికి. మామూలు ఆదాయం 9 లక్షలు, ఏడాదిలోపు అమ్మిన షేర్ల లాభం 2 లక్షలు. మొత్తం 11 లక్షలే, పన్నెండు దాటలేదు, పన్ను లేదనుకుంటారు. 9 లక్షల మీద పన్నుకు రిబేటు వస్తుంది. 2 లక్షల లాభం మీద 20 శాతం చొప్పున 40 వేలు, సెస్సుతో 41,600 కట్టాల్సిందే. కొత్త విధానంలో ప్రత్యేక రేటు పడే ఆదాయానికి 87ఏ రిబేటు వర్తించదు. ఏడాది దాటాక అమ్మితే మొదటి 1.25 లక్షల లాభానికి పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. కొంచెం ఆగి అమ్మగలిగినవాళ్లు ఆగితే తేడా ఇక్కడ కనిపిస్తుంది.

వ్యాపారులు, డాక్టర్లు, కన్సల్టెంట్లు, మరీ ముఖ్యంగా ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్) ఆడేవాళ్లు

జీతగాళ్లకున్న వెసులుబాటు వీళ్లకు లేదు. జీతం, పింఛను మాత్రమే ఉన్నవాళ్లు ఏటా విధానం మార్చుకోవచ్చు, ఆఫీసులో ఒకటి చెప్పి రిటర్న్‌లో ఇంకోటి కూడా ఎంచుకోవచ్చు. వ్యాపార ఆదాయం ఉన్నవాళ్లు పాతదానికి వెళ్లాలంటే రిటర్న్ గడువులోగా ఫారం 10-ఐఈఏ వేయాలి. ఒకసారి పాతదానికి వెళ్లి మళ్లీ కొత్తదానికి వచ్చాక, వ్యాపార ఆదాయం ఉన్నంతకాలం పాతదానికి దారి మూసుకుపోతుంది.

ఈ నియమం కిరాణా కొట్టాయనకు పెద్దగా తగలదు. అంచనా లాభం పద్ధతిలో (అమ్మకాల్లో కొంత శాతాన్ని లాభంగా చూపుతూ) వెళ్లే చిన్న వ్యాపారికి కొత్త విధానంలో పన్నే పడదు, ఇంకోదాని గురించి ఎందుకు ఆలోచిస్తాడు. వృత్తి నిపుణులకు ఇలాంటి పద్ధతే అయిన సెక్షన్ 44ఏడీఏలోకి వచ్చే డాక్టరు, ఇంజినీరు, లాయరు లాంటివాళ్లు 24 లక్షల వసూళ్లలో సగం ఆదాయంగా చూపితే సరిగ్గా 12 లక్షలు, పన్ను సున్నా. (సగం అన్నది కనీసం. అసలు లాభం అంతకన్నా ఎక్కువని మీ లెక్కలే చెబుతుంటే ఎక్కువే చూపాలి.)

తగిలేది, జీతం తీసుకుంటూ ఫోన్లో ఆప్షన్లు ఆడే కుర్రాళ్లకు. ఎఫ్ అండ్ ఓ లాభనష్టాలు వ్యాపార ఆదాయం కిందకే వస్తాయి. ఇంట్రాడే (కొన్న రోజే షేర్లు అమ్మేయడం) కూడా అంతే. నాలుగు వేలు నష్టపోయినా సరే, మీరిప్పుడు వ్యాపారి. 10-ఐఈఏ వేయకుండా రిటర్న్‌లో పాత విధానం టిక్ పెడితే చెల్లదు, హెచ్‌ఆర్‌ఏ, వడ్డీ అన్నీ ఎగిరిపోయి డిమాండు నోటీసు వస్తుంది.

కాగితాలు లేకపోతే పాత విధానం జోలికి వెళ్లొద్దు

ఒకప్పుడు ఫారం 16 (ఆఫీసు ఇచ్చే జీతం, పన్ను పత్రం)లో లేని 80సీ, 80డీ అంకెలు రిటర్న్‌లో ఊరికే వేసేసి రిఫండ్ తెప్పించే “స్పెషలిస్టులు” ప్రతి ఊళ్లోనూ ఉండేవారు. ఇంకా ఉన్నారు. 2025 జూలైలో ఆదాయపన్ను శాఖ దేశమంతటా ఇలాంటి దొంగ మినహాయింపుల మీద సోదాలు చేసింది. అదే ఏడాది నుంచి రిటర్న్ ఫారాల్లో పాత విధానానికి పాలసీ నంబరు, బీమా కంపెనీ పేరు, లోను ఇచ్చిన బ్యాంకు, లోను ఖాతా నంబరు, అది మంజూరైన తేదీ కూడా అడుగుతున్నారు. అద్దె ఏడాదికి లక్ష దాటితే ఇంటి యజమాని పాన్ కావాలి. నెలకు 50 వేలు దాటితే మీరే అద్దెలోంచి 2 శాతం టీడీఎస్ (ముందే కోసే పన్ను) కోసి కట్టాలి. లెక్క కావాలని తప్పు చూపినట్టు తేలితే ఎగ్గొట్టిన పన్నుకు రెండింతల జరిమానా.

సొంత తండ్రికి అద్దె కట్టడం తప్పేమీ కాదు. ఇల్లు ఆయన పేరున ఉండాలి, డబ్బు నెలనెలా బ్యాంకు ద్వారా వెళ్లాలి, ఆయన రిటర్న్‌లో ఆ అద్దె కనిపించాలి. ఆయన కొత్త విధానంలో పన్నెండు లక్షల లోపున ఉంటే ఆ అద్దె మీద ఆయనకూ పన్ను పడదు. కాగితం మీద అద్దె చూపించి, డబ్బు కదలని ఇళ్లే నోటీసుల్లో చిక్కుకుంటున్నాయి.

ఆరోగ్య బీమా ఉన్నవారికి ఇంకో చిన్న మార్పు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియం మీద జీఎస్టీ తీసేశారు. పోయిన ఏడాది అంకెనే ఈసారీ వేయకండి, రెన్యువల్ రసీదు చూసి వేయండి. కొత్త విధానంలోకి మారినవాళ్లు 80డీ లేదు కదా అని పాలసీ మానేస్తున్నారు, అది తెలివితక్కువ పని. పీపీఎఫ్ ఖాతా నిలవాలన్నా ఏడాదికి కనీసం 500 వేస్తూ ఉండాలి.

కొత్త చట్టం వచ్చింది కదా?

ఆదాయపన్ను చట్టం 2025, 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 1961 నాటి చట్టం స్థానంలో 536 సెక్షన్లు. అయినా రెండు విధానాల ఎంపిక అలాగే ఉంది. సెక్షన్ల నంబర్లు మాత్రం మారాయి: కొత్త విధానం ఉన్న 115బీఏసీ ఇప్పుడు 202, మనందరి నోట నానిన 80సీ ఇప్పుడు 123. ప్రీవియస్ ఇయర్ (ఆదాయం వచ్చిన ఏడాది), అసెస్‌మెంట్ ఇయర్ (దానికి పన్ను లెక్కగట్టే మరుసటి ఏడాది) అన్న రెండు మాటలు పోయి ట్యాక్స్ ఇయర్ ఒక్కటే మిగిలింది.

దీంతో 2026లో ఒక వింత పరిస్థితి. 2025-26 ఆదాయానికి ఇప్పుడు వేసే రిటర్న్ పాత చట్టం కిందే, అందులో అసెస్‌మెంట్ ఇయర్ 2026-27 అనే ఉంటుంది. ఏప్రిల్ నుంచి ఆఫీసు కోస్తున్న టీడీఎస్ మాత్రం కొత్త చట్టం ప్రకారం, ట్యాక్స్ ఇయర్ 2026-27కి. పేరు ఒకటే, సంవత్సరాలు వేరు. అడ్వాన్స్ పన్ను, చలాన్లు కట్టేటప్పుడు ఏది ఎంచుకుంటున్నారో ఒకటికి రెండుసార్లు చూసుకోండి.

గడువు దగ్గరే అసలు ప్రమాదం

పాత విధానం కావాలంటే రిటర్న్ గడువులోగా వేయాలి. జీతగాళ్లకు, పింఛన్‌దారులకు మామూలుగా అది జూలై 31. 2025లో సెప్టెంబరు 16 దాకా పొడిగించారు కదా అని ఈసారీ అదే ఆశతో కూర్చోవద్దు. గడువు దాటితే రిటర్న్ వేయొచ్చు గానీ కొత్త విధానంలోనే. ఆఫీసు ఏడాదంతా పాత విధానం ప్రకారం తక్కువ టీడీఎస్ కోసి ఉంటే, ఆ తేడా అంతా వడ్డీతో సహా మీ నెత్తినే పడుతుంది.

రిటర్న్ వేయడంతోనే పని అయిపోలేదు. ముప్పై రోజుల్లో ఆధార్ ఓటీపీతోనో నెట్ బ్యాంకింగ్‌తోనో ఈ-వెరిఫై చేయాలి. ముప్పై రోజులు దాటాక చేస్తే, వెరిఫై చేసిన రోజే రిటర్న్ వేసినట్టు లెక్క. జూలై 30న వేసి సెప్టెంబరులో వెరిఫై చేసినవాడిది ఆలస్యపు రిటర్నే. అతని హెచ్‌ఆర్‌ఏ, లోను వడ్డీ ఎంత సరిగ్గా ఉన్నా పాత విధానం దక్కదు.